ఎక్కడ ఆగావు?

పోయిన నెలలో మా మేనకోడలి గృహప్రవేశానికి వేటపాలెం వెళ్ళాను. భోజనాలయ్యాక బస్సుకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. ఎండ తగ్గాక వెళ్ళవచ్చు కదా అని అందరూ అంటున్నా వినకుండా, చేతిసంచీ భుజాన వేసుకుని సారస్వత నికేతనం వైపు నడిచాను. నా చిన్నతనంలో బడి తర్వాత నేను ఎక్కువ సేపు గడిపిన చోటు ఆ గ్రంథాలయమే. 1918లో స్థాపించారు. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రపరిచి ఉంచారు. గుమ్మం దాటగానే పాత కాగితం, బైండింగు జిగురు, కలరా ఉండలు కలిసిన వాసన ముఖానికి తగిలింది. ఆ వాసన పీల్చగానే నా చేతిలో మళ్ళీ ఒక సగం అరిగిన పెన్సిలు, వెనక వైపు రాసుకోవడానికి దాచుకున్న కరపత్రం ఉన్నట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. నా పాత విద్యార్థి ఒకరి కొడుకు పంపిన సందేశం అది. ఆ అబ్బాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. "సార్, ఉగాది డేట్ ప్రతి సంవత్సరం ఎందుకు మారుస్తారు? గవర్నమెంట్ డిసైడ్ చేస్తుందా? షార్ట్‌గా చెప్పండి" అని రాశాడు.

పుస్తకాల బీరువాల మధ్య నిలబడి ఆ మూడు వాక్యాలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే పన్నెండేళ్ళ వయసులో, ఇదే ఊళ్ళో, ఇంచుమించు ఇదే ప్రశ్న నేనూ అడిగాను.

* * *

మాది మగ్గం ఇల్లు. ముందు వసారాలో గుంట మగ్గం, దాని పక్కన నాయనమ్మ రాట్నం, గోడకు తగిలించిన నూలు చిలపలు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, చాపి గంజి పెట్టేవారు. తడి నూలు మీద కుంచె లాగుతూ మగవాళ్ళు ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంటే, పొద్దెక్కకముందే ఆ పని అయిపోవాలని ఆడవాళ్ళు తొందరపెట్టేవారు. ఆరు గంటలకల్లా ఇంటింటా మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు మొదలయ్యేది. ఏ ఇంట్లోనైనా ఆ చప్పుడు ఆగితే ఎందుకు ఆగిందో వీధంతటికీ తెలిసిపోయేది. దారం తెగిందా, నాడెలో దారం చుట్టిన కండె అయిపోయిందా, మనిషికి ఒంట్లో బాగాలేదా అన్నది ఆగిన తీరును బట్టే చెప్పేవారు.

మా నాన్న మూడో తరగతితో బడి మానేశారు. అయినా నూలు లెక్కల్లో ఆయనను మోసం చేయడం ఏ షావుకారు తరమూ కాలేదు. నూలు నంబరు అంటే ఒక పౌను తూకానికి ఎన్ని చిలపలు తూగుతాయో ఆ సంఖ్య అని, ఒక్కో చిలప 840 గజాలు ఉంటుందని నాకు చెప్పింది ఆయనే. పది పౌన్ల కట్ట ఇంటికి వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎనభై నంబరు కట్టలో ఎన్ని గజాలు?" అని అడిగేవారు. నేను పలక కోసం వెతుకుతుంటే ఆయన నాడె ఆపకుండానే, "ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, అంటే ఎనిమిది వందలను ఎనిమిదితో గుణిస్తే ఆరు వేల నాలుగు వందలు, నలభైకి మూడు వందల ఇరవై, మొత్తం ఆరు వేల ఏడు వందల ఇరవై. పక్కన రెండు సున్నాలు పెట్టు" అనేవారు. ఆరు లక్షల డెబ్బై రెండు వేల గజాలు. అంత పెద్ద సంఖ్యను మా నాన్న కళ్ళ ముందు చాపిన దారంగా చూసేవారని నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అరుగు మీద ఎక్కాలు మొదలయ్యేవి. మా ఇంటి నుంచి పదమూడో ఎక్కం, ఎదురింటి నుంచి పదిహేడో ఎక్కం, మధ్యలో ఎవరో ఒక పిల్లవాడు "పంతొమ్మిదేళ్ళు" దగ్గర తడబడితే ఎవరింటి నుంచో ఒక పెద్దాయన "నూట ముప్పై మూడు" అని అందించడం. ఆ గొంతుల్లో అందరూ లెక్కలు అర్థమై చదివేవాళ్ళు కారు. వల్లెవేయడమే చదువని నేను అనను. కానీ వల్లెవేసిన ఆ ఎక్కాలు మగ్గం దగ్గర, కొట్టు దగ్గర, పొలం గట్టు మీద రోజూ పనికి వచ్చేవి. పనికి వచ్చినప్పుడల్లా వాటి అర్థం కొంచెం కొంచెంగా తెలిసేది.

అమ్మకు అక్షరం ముక్క రాదు. కిలోలు వచ్చి కొన్నేళ్ళైనా ఆమె మాత్రం సోలతోనే బియ్యం కొలిచేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. చుట్టాలు వస్తే మానికకు మరో అరసోల కలపాలని, నాన్న ఊరెళ్తే తవ్వ చాలని ఆమె చేతికి తెలుసు. అరలో సగం పావు అని, పావులో సగం అరపావు అని ఆమెకు ఎవరూ బల్ల మీద రాసి నేర్పలేదు.

* * *

మా లెక్కల మాస్టారు పొడవాటి మనిషి. తెల్లని పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉండే కుడిచేయి. బడిలో చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మాకు గంట. ఆఖరి గంట కొట్టాక మాస్టారు పావుగంట సేపు తరగతిలోనే కూర్చునేవారు. ఎవరికైనా సందేహం ఉంటే అడగవచ్చు. కానీ ఒక నియమం ఉండేది. ప్రశ్నతో పాటు చిత్తుకాగితం కూడా చూపించాలి.

మొదటిసారి నేను ఖాళీ చేతులతో వెళ్ళి "ఈ లెక్క రావడం లేదండీ" అన్నాను. ఆయన తల ఎత్తి, "రాకపోవడం అంటూ ఉండదురా. ఎక్కడో దాకా వచ్చి ఆగుతుంది. ఎక్కడ ఆగావు?" అన్నారు. నేను మొదలే పెట్టలేదని ఆయనకు తెలిసిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. నేను చెమర్చిన చేతులతో తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చుని, నాకు వచ్చినంత వరకు రాసి, మూడో మెట్టు దగ్గర ఆగిపోయి మళ్ళీ వెళ్ళాను. అప్పుడు ఆయన ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, నేను రాసిన ప్రతి గీతనూ చదివారు. నేను వేసిన తప్పు అడుగు కింద సన్నగా ఒక గీత గీసి కాగితం తిరిగి ఇచ్చారు. అంతే. జవాబు చెప్పలేదు. ఆ గీత చూడగానే మిగిలినదంతా నాకు తెలిసిపోయింది.

పన్నెండేళ్ళ పిల్లవాడు రాసిన చిత్తుకాగితాన్ని ఒక పెద్దమనిషి అంత శ్రద్ధగా చదవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాతా ఎక్కువ సార్లు చూడలేదు.

* * *

ఆ ఏడు మా నాయనమ్మ, "పోయిన ఉగాదికి ఈ పాటికి మామిడికాయ ఇంకా పిందెగానే ఉంది, ఈసారి టెంక కట్టింది, పండగ ఆలస్యంగా వచ్చింది" అన్నది. పండగ ఆలస్యంగా రావడమేమిటి? స్వాతంత్ర్య దినం ఏటా ఆగస్టు 15నే వస్తుంది కదా? మర్నాడు మాస్టారిని అడిగాను. ఆయన నన్ను కాసేపు చూసి, "పది ఉగాదుల తేదీలు రాసి తీసుకురా" అన్నారు.

అలా మొదటిసారి సారస్వత నికేతనంలో పాత పత్రికల గదిలోకి వెళ్ళాను. బైండు చేసిన సంపుటాలు నా నడుము ఎత్తు ఉండేవి. గ్రంథాలయంలో పని చేసే పెద్దాయన వాటిని ఒక్కొక్కటిగా దించి బల్ల మీద పెట్టి, పేజీ పై మూలను రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా ఎలా తిప్పాలో చూపించారు. గట్టిగా లాగితే ఆ కాగితం పొడిపొడిగా రాలిపోతుందట. ఒక్కో ఏడాది ఉగాది తేదీ వెతికి రాసుకోవడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. వెతుకుతున్నది తేదీయే అయినా కళ్ళు ఊరుకుంటాయా? నూలు ధరల పట్టికలు, కృష్ణకు వరద వచ్చిన వార్తలు, అర్థం కాని పద్యాలు, ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికల్లో శాసనాల మీద, నక్షత్రాల మీద పెద్దలు రాసిన పొడవాటి వ్యాసాలు, అన్నీ దారిలో అడ్డుపడ్డాయి. ఆ నాలుగు సాయంత్రాల్లో నేను చదివినవి ఎవరూ నాకు చదవమని చెప్పినవి కావు.

తేదీలు వరుసగా రాశాక ఒక ఏడుకూ మరో ఏడుకూ మధ్య తేడాలు కట్టాను. ఉగాది ఏటేటా పదకొండు రోజులు ముందుగా వస్తూ ఉంది. రెండేళ్ళు అలా వచ్చి, మూడో ఏడు ఉన్నట్టుండి పందొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. అచ్చుతప్పు అనుకున్నాను. సంపుటం మళ్ళీ దింపించి చూశాను. పురోహితుల ఇంటికి వెళ్ళి ఆ ఏటి పంచాంగం అడిగి చూశాను. తప్పు కాదు.

ఆ కాగితం చూశాక మాస్టారు మొదటిసారి నా ముందు జవాబు చెప్పారు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే అవుతాయని, సూర్యుడి లెక్క 365 రోజుల పావు అని, ఆ తేడాయే నా పదకొండు అని, ఆ తేడా పేరుకుని ఒక నెలంత అయినప్పుడు, అంటే ఇంచుమించు ముప్పై రెండు ముప్పై మూడు నెలలకు ఒకసారి, అధిక మాసం వేసి సరిచేస్తారని చెప్పారు. లేకపోతే కొన్నేళ్ళకు ఉగాది చలికాలంలోకి, తర్వాత వానాకాలంలోకి జారిపోయేది. "నువ్వు అచ్చుతప్పు అనుకున్నావే, అదే అధిక మాసం" అన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఏడు అధిక మాసాలు వస్తాయని, అందుకే పంతొమ్మిదేళ్ళకు ఒకసారి తేదీలు ఇంచుమించు మళ్ళీ అవే వస్తాయని కూడా ఆయనే చెప్పారు. అది ఎంత నిజమో ఆ తర్వాత జీవితమంతా చూస్తూనే ఉన్నాను. 2005లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2024లోనూ ఏప్రిల్ 9నే వచ్చింది. 2006లో మార్చి 30, 2025లోనూ మార్చి 30.

ఇంటికి పరుగెత్తుకు వెళ్ళి నాయనమ్మకు చెప్పాను. ఆమె రాట్నం ఆపకుండా, "అధిక మాసం వస్తే తర్వాతి పండగ ఆలస్యమని మాకు తెలియదంటరా?" అన్నది.

* * *

తర్వాత నేనూ లెక్కల మాస్టారినే అయ్యాను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు సైకిళ్ళ మీద లాగరిథం పట్టికలు తెచ్చుకునేవారు. ఆ పట్టికలో వరుస మీద వేలు పెట్టి, నిలువు గడి దాకా జరిపి, చివరి సగటు తేడా కలపడం నేర్పడానికే వారం పట్టేది. ఆ వారమంతా తరగతిలో వేళ్ళు కాగితం మీద జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఏ ఏడు ఏది మారిందో ఇప్పుడు చెప్పలేను. మొదట గైడ్లు వచ్చాయి. వాటి వెనక క్వశ్చన్ బ్యాంకులు వచ్చాయి. అప్పట్లో పరీక్ష చివరి అరగంటలో ఇచ్చే బిట్ పేపరు కోసం వేల బిట్లు బట్టీ పట్టించడం మొదలైంది. ఇంటర్మీడియెట్ అంటే ర్యాంకు, ర్యాంకు అంటే నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం అన్న లెక్క కింది తరగతుల దాకా దిగింది. పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ అడిగితే, అది ఎన్ని మార్కుల ప్రశ్నో, ఎన్నేళ్ళకు ఒకసారి వస్తుందో చెప్పగలిగే పిల్లలు నాకు తెలుసు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. మేము వాళ్ళకు ఏది విలువైనదని చూపించామో దానినే వాళ్ళు నేర్చుకున్నారు.

మేము అని ఊరికే అనడం లేదు. ఒక సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుంది సార్?" అని అడిగింది. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడ్డాయి, సిలబస్ ఇంకా రెండు పాఠాలు వెనకబడి ఉంది. "అది రూల్ అమ్మా, రాసుకో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుని రాసుకుంది. నల్లబల్ల మీద నాలుగు వరుసలు రాస్తే సరిపోయేది: మైనస్ రెండును రెండుతో గుణిస్తే మైనస్ నాలుగు, ఒకటితో గుణిస్తే మైనస్ రెండు, సున్నాతో గుణిస్తే సున్నా. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా జవాబు రెండు పెరుగుతోంది; కాబట్టి తర్వాతి మెట్టు మైనస్ ఒకటికి జవాబు రెండే కావాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఆ ఏడాది మళ్ళీ ఏ ప్రశ్నా అడగలేదు.

నన్ను లేపి నిలబెట్టే ప్రశ్నలు తరగతిలో తగ్గిపోతూ వచ్చాయి. వాటి స్థానంలో ఒకే ప్రశ్న మిగిలింది: "సార్, ఇది పరీక్షలో వస్తుందా?"

ప్రథమ్ సంస్థ ఊళ్ళలో పిల్లల చదువును పరీక్షించి ప్రచురించే అసర్ నివేదికలను నేను వదలకుండా చదువుతాను. 2022లో దేశం మొత్తం మీద గ్రామాల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. బడులు మూతపడిన కరోనా కాలపు దెబ్బ అందులో ఉంది. 2024 నాటికి అది 48.8 శాతానికి చేరింది. అయినా సగం మంది కాలేదు. ఆ అంకె చూసినప్పుడల్లా నా కళ్ళ ముందు తరగతి గదిలో వెనక బెంచీలు కనిపిస్తాయి. చదవడం రాని పిల్లవాడు తనకు రాదన్న సంగతిని దాచుకోవడానికి పడే అవస్థ నేను దగ్గర నుంచి చూశాను. పక్కవాడి పెదవులు చూస్తూ, అరక్షణం ఆలస్యంగా అదే మాట పలుకుతాడు. తరగతి తర్వాత తరగతి అలాగే దాటించేస్తాము. పిల్లలను పరీక్ష తప్పించి అదే తరగతిలో కూర్చోబెట్టాలని నేను కోరను. అలా కూర్చోబెట్టిన పిల్లల్లో చాలామంది మగ్గం గుంటలోకో, కూలికో వెళ్ళిపోవడమూ నేను చూశాను. కానీ వాడు ఎక్కడ ఆగాడో అడిగే మనిషి ఒక్కడైనా ఉండాలి కదా.

* * *

ఉద్యోగ విరమణ తర్వాత పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు ఫోనులో ప్రశ్నలు పంపుతూ ఉంటారు. మొదట్లో ఎంతో సంతోషించాను. ఇప్పుడు ఫోను మోగితే భయం వేస్తోంది.

ఒక రోజు రాత్రి డిగ్రీ చదివే కుర్రవాడు ఒకడు, "సార్, పాయింట్ టూ ఫైవ్ పెద్దదా, పాయింట్ ఫైవ్ పెద్దదా?" అని పంపాడు. ఎందుకని అడిగితే, వాళ్ళ నాయనమ్మకు డాక్టరు మాత్ర మోతాదు మార్చారట. ఇంతకు ముందు మాత్ర మీద 0.5 అని ఉండేది, ఇప్పుడు 0.25 అని ఉంది. ఇరవై ఐదు ఐదు కన్నా పెద్దది కాబట్టి మోతాదు పెంచారనుకుని భయపడి, రెండు రోజులుగా ఆమెకు కొత్త మాత్రలు మాని పాతవే వేస్తున్నాడు. వెంటనే ఫోను చేసి, 0.5 అంటే అర అని, 0.25 అంటే పావు అని, తగ్గించిన మోతాదే వేయమని, పొద్దున్నే డాక్టరుకు సంగతి చెప్పమని చెప్పాను. "పావు అంటే ఎంత సార్?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోలతో బియ్యం కొలిచే మా అమ్మ ఆ చీటీ చూస్తే చదవలేకపోయేదే కానీ, అర, పావు అని ఎవరైనా చదివి చెబితే ఒక్క క్షణంలో ఏది పెద్దదో చెప్పేది. పదిహేనేళ్ళు బడికి వెళ్ళిన కుర్రవాడికి ఆ రెండు మాటలు అందలేదు. తెలుగులో నేర్చుకోలేదు, ఇంగ్లీషులో నేర్చుకున్నది అర్థం కాలేదు. అడిగినందుకు ఆ కుర్రవాడిని నేను తప్పు పట్టను, అడిగి మంచి పని చేశాడు. కానీ ఆ ప్రశ్న అయిదో తరగతిలో రావాలి. అప్పుడు ఎవరైనా ఒక చెంబు నీళ్ళు, ఒక గ్లాసు తీసుకుని అరా పావూ పోసి చూపించి ఉండాలి.

నాకు బాధ కలిగించేది తెలియకపోవడం కాదు. మా కాలంలోనూ తెలియనివి ఎక్కువే. ప్రశ్న అడగకముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసే అలవాటు పోయింది. జేబులోని ఫోనులో పంచాంగాలూ, నిఘంటువులూ, ఒకప్పుడు నేను నాలుగు సాయంత్రాలు వెతికిన పత్రికలూ ఉన్నాయి. అయినా చేయి అటు పోదు. "షార్ట్‌గా చెప్పండి" అన్న మాట మాత్రం ప్రతి ప్రశ్న చివరా ఉంటుంది.

* * *

ఆ మధ్యాహ్నం గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే నలుగురైదుగురు యువకులు బిట్ల పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన పేపరు చదువుతున్నారు. మా వేటపాలెం నా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఆ బల్లలు మాత్రం అక్కడి నుంచి కదిలినట్టు లేదు. నేను ఒక బల్ల దగ్గర కూర్చుని, గృహప్రవేశం శుభలేఖ వెనక వైపు తిప్పి, నాకు గుర్తున్న తేదీలు రాసుకున్నాను. తర్వాత వాటినే ఆ ఇంజనీరింగు అబ్బాయికి పంపాను:

2021 ఏప్రిల్ 13
2022 ఏప్రిల్ 2
2023 మార్చి 22
2024 ఏప్రిల్ 9
2025 మార్చి 30

కింద, "ఒక్కో ఏడాదికి తేడా ఎంతో కట్టు బాబూ. ఎక్కడ ఆగావో చెబితే అక్కడి నుంచి మాట్లాడుకుందాం" అని రాశాను.

బస్సు చీరాల దాటాక జవాబు వచ్చింది. "11, 11 వచ్చాయి సార్. 2024 దగ్గర రివర్స్‌లో 18 వస్తోంది. మీరు టైప్ చేయడంలో మిస్టేక్ ఏమో చూడండి. ఇది ఎగ్జామ్‌లో వస్తుందా సార్?"

ఆ సందేశాన్ని రెండు మూడు సార్లు చదువుకున్నాను. కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతోంది. "పరీక్షలో రాదు బాబూ. మిస్టేక్ లేదు. 2023 పంచాంగంలో శ్రావణ మాసం ఎన్నిసార్లు ఉందో చూడు" అని రాసి, దాని కింద మరో వరుస చేర్చి పంపాను.

2026 మార్చి 19